మూల కత్తిరించిన కార్డులు

ఖాసిం చాచా కాలం చేసి నలభై రోజులు దాటాక ఒక ఆదివారం ఆయన చిన్న కూతురు షాహీన్ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక రేకు డబ్బా ఉంది. ఎప్పటిదో బిస్కెట్ల డబ్బా అది, మూత మీది బొమ్మ అరిగిపోయి ఒట్టి రేకు మిగిలింది. "అబ్బా సామాను సదురుతాంటె ఎల్లింది అక్కా. గీ చదరంగం కార్డులు మాకేం సమజైతయి? నువ్వైతే ఆట ఎరిగినదానివి, నీ దగ్గరనే ఉండనీ అని తెచ్చిన," అంది. మూత తీయకముందే నాకు వాసన తెలిసిపోయింది. మైదాపిండి జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, కొత్త అట్ట, పాత కాగితం. ఇవన్నీ కలిసిన వాసన నల్లగొండ మొత్తంలో ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటి గోడకు ఇవతలి పక్క పెరిగినదాన్ని నేను. డబ్బా తెరిచే ధైర్యం వెంటనే రాలేదు. చాయ్ పెడతానని వంటింట్లోకి పోయి, పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఖాసిం చాచా పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ముందు గది దుకాణం, వెనక గదిలో సంసారం. కోర్టు ఫైళ్లు, బడి రిజిస్టర్లు, జూన్ నెల వస్తే పిల్లల పాత పాఠ్యపుస్తకాలు గోడ పొడుగునా పేర్చి ఉండేవి. పొద్దున్నే చాచీ పొయ్యి మీద జిగురు కాచేది. ఆ వాసన గోడ దాటి రాగానే మా అమ్మ, "ఖాసిం సాబోళ్లు లేసిండ్రు, ఇగ నువ్వు లే" అని నా దుప్పటి గుంజేది. మాకు వేరే గడియారం అక్కర లేకపోయింది. మా బాపు ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. మా తాతలు కూలికి పోయినవాళ్లు. జీతం అనే మాట మా ఇంట్లో మొదట వినపడింది బాపు కొలువుతోనే. ఆఫీసులో చిరిగిన ఫైళ్లను సైకిల్ మీద కట్టుకొచ్చి చాచాకు ఇచ్చేవాడు. అట్లా మొదలైన దోస్తీ అది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి గారెలు పోయేవి, రంజాన్‌కు అక్కడి నుంచి సేమ్యా వచ్చేది, ఏ గిన్నె కూడా ఖాళీగా తిరిగిపోయేది కాదు. చాచాకు మాత్రం తిండి మీద ధ్యాస తక్కువ. చాయ్ సాసర్లో పోసుకుని, కళ్లు మూసుకుని తాగి, మళ్లీ కత్తి అందుకునేవాడు. చెవి మీది పెన్సిలు స్నానానికి పోయినప్పుడు తప్ప దిగేది కాదు. కొలతలన్నీ వేళ్లతోనే. ఎండాకాలంలో పొద్దుగూకినా గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది, అయినా ఆ గదిలో ఫ్యాను తిరిగేది కాదు, కాగితాలు ఎగిరిపోతాయని.

ఆయనకు పని ఒకటైతే పిచ్చి ఇంకొకటి, చదరంగం. బైండింగులో మిగిలిన నల్ల గుడ్డ, ఎర్ర గుడ్డ ముక్కలు అట్ట మీద అతికించి గళ్ల బోర్డు తానే చేసేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు గుర్రం నడక నేర్పింది ఆ బోర్డు మీదే. జిల్లాలో ఎక్కడ చదరంగం పోటీ పెట్టినా జతలు కలపడానికి ఖాసిం సాబ్ రావలసిందే. ఈ పోటీల్లో ఓడినవాళ్లు ఇంటికి పోరు, అందరూ అన్ని రౌండ్లూ ఆడతారు. ప్రతి రౌండుకూ సమానంగా పాయింట్లు ఉన్నవాళ్లను వెతికి జత చేయాలి. ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ కలవకూడదు, తెల్లపావులు ఒకరికే పదే పదే రాకూడదు. చాచా ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క కార్డు చేసేవాడు, బైండింగు అట్టల్లో మిగిలిన ముక్కలతో. పేరు, ఊరు, ఏ రౌండులో ఎవరితో ఆడాడు, గెలిచాడా ఓడాడా, అన్నీ దాని మీదే. చాప పరిచి, ఫ్యాన్లన్నీ ఆపించి, మోకాళ్ల మీద కూర్చుని ఆ కార్డులు పరిచేవాడు. చూస్తుండగానే చేతులు ఇటూ అటూ కదిలి జతలు తయారయ్యేవి. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది, అది ఆయన ఒక్కడిదే. పేరు రాయించుకోవడానికి వచ్చిన ప్రతివాణ్నీ "ఎవరింటోనివి బిడ్డా?" అని అడిగేవాడు. అన్నదమ్ములో, తండ్రీకొడుకులో, ఆట నేర్పిన పంతులూ నేర్చుకున్న శిష్యుడో అయితే, వాళ్ల కార్డులకు ఒకే మూలను ఒకే తీరుగా కత్తిరించేవాడు. ఒక ఇంటికి ఏటవాలు కోత, ఇంకొక ఇంటికి గుండ్రటి కోత, మరొక ఇంటికి రెండు పళ్ల గాటు. జత పెట్టినప్పుడు రెండు మూలలూ ఒక్క తీరుగా కనపడితే విడదీసి వేరేవాళ్లతో కలిపేవాడు. వేరే దారి బొత్తిగా లేకపోతే తప్ప వాళ్లు ఎదురుపడేవాళ్లు కాదు. నేను కొంచెం పెద్దయ్యాక ఆ మూలలు కత్తిరించే పని నాకు ఇచ్చాడు. "కలిస్తె ఏమైతది చాచా? ఆటనే గదా," అని అడిగాను ఒకసారి. పెన్సిలు చెవి మీద పెట్టుకుని చెప్పాడు: "ఇంట్ల తమ్ముని మీద గెలిస్తె నవ్వుకుంటరు బిడ్డా. గీడ నలుగుర్ల గెలిస్తె ఒగడు తలకాయ ఒంచుకోని పోవాలె. తమ్ముడు నిజంగనే ఓడినా, కావాల్నే ఓడిండంటరు. ఎట్ల ఆడినా మాట పడ్తది. జత కలిపేటోళ్లం మనం, వాళ్ల మీద మాట పడకుంట చూసే జిమ్మేదారి మనదే." ఈ మాట నేను విన్నాను. అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకునే వీలు అందుకే నాకు లేదు.

నేను డిగ్రీ అయిపోయి, హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి తిరిగొచ్చేసరికి నల్లగొండలో కంప్యూటర్‌కు కొత్తల్లుడి మర్యాదలు జరుగుతున్నాయి. ఒక మేడ మీద సెంటరు తెరిచారు. చెప్పులు బయట విడిచి పోవాలి, లోపల చల్లటి గాలి, మిషన్ మీద కుట్టించిన ముసుగు. అందులో పాఠాలు చెప్పే కొలువు నాకు దొరికింది. మా బాపు జీవితమంతా బెల్లు మోగితే లేచి నిలబడ్డ మనిషి. ఆయన బిడ్డ గాజు తలుపు వెనక కుర్చీలో కూర్చుంది. అబ్బో, ఆ కుర్చీ ఎక్కాక నాకు నేల కనపడేది కాదు. అప్పుడే జిల్లా చదరంగం కమిటీ కార్యదర్శి జనార్దన్ సార్, ఆయన కాలేజీలో లెక్చరరు, హైదరాబాదు నుంచి రెండు ఫ్లాపీలు పట్టుకొచ్చాడు. పోటీలు నడిపే ప్రోగ్రాం ఉంది వాటిలో. పేర్లు కొడితే జతలు అదే కలుపుతుంది. "రూతమ్మా, గీసారి కార్డులు గీర్డులు బంద్. అంత కంప్యూటర్ మీదనే," అన్నాడు. "మంచిగ నడిపిచ్చినవంటె, మహబూబ్‌నగర్ల మా దోస్తు కాలేజి పెడ్తుండు, గాడ నీ పేరు చెప్త. పక్కా కొలువు." ఆ రాత్రి మా బాపు ఆ మాట నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు.

చాచా నొచ్చుకుంటాడేమో అని భయపడ్డాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని మిషన్‌ను చూడటానికి వచ్చాడు. పోటీకి పెద్ద ఆయనే, జతల కాగితం మీద దస్కతు ఆయనదే. కలపడం మాత్రం మిషన్ పని. ఆ ప్రోగ్రాంలో, ఫలానావాళ్లను కలపొద్దు అని ముందే చెప్పి పెట్టుకునే లిస్టు ఒకటుందని చూపించగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "వారెవ్వా! దీనికి గూడ కత్తెర ఉన్నది బిడ్డా!" అన్నాడు. పోటీ రోజు పొద్దున అందరి పేర్లూ రాసుకున్నాక తన చేత్తో రాసిన లిస్టు తెచ్చి ఇచ్చాడు, ముప్పై నలభై జతల పేర్లు. అది పక్కన పెట్టుకుని నేనే టైపు చేశాను.

ఆరు రౌండ్లు, రెండు రోజులు, ఒక బడి హాలు. మా సెంటర్ మిషన్‌ను బొంతలో చుట్టి రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. వందమంది పైనే వచ్చారు. ఎవరైనా ఆడొచ్చు కాబట్టి పక్క జిల్లా మహబూబ్‌నగర్ నుంచి కూడా, చిట్యాల నుంచి, నార్కట్‌పల్లి నుంచి. మేళ్లచెరువు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, లింగయ్య, సైదులు. సున్నపురాయి క్వారీలో పనిచేసేవాళ్లు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక బండ మీద సుద్దతో గళ్లు గీసుకుని ఆట నేర్చుకున్నారట. మొదట వచ్చిన ఇద్దరినీ రాష్ట్ర పోటీలకు పంపుతారు. వాళ్లు దానికోసమే వచ్చారు. చాచా వాళ్ల కార్డులకు పై మూల ఏటవాలుగా కోశాడు. "ఇంక కార్డులెందుకు చాచా?" అని నవ్వాను. "ఉత్తగనే బిడ్డా. చేతులు ఊకుంటలెవ్వు," అన్నాడు. మిషన్ వేడెక్కకుండా గదిలో టేబుల్ ఫ్యాను పెట్టాము, దాని గాలికి కార్డులు నిలవవు కదా, అందుకని ఆయన వరండాలో చాప వేసుకున్నాడు.

మొదటి రౌండు జతలు ఐదు నిమిషాల్లో వచ్చాయి. రెండోదానికి పావుగంట పట్టింది. మూడోదానికి అరగంట దాటింది. తెర మీద ఒక్క గీత మినుకుమినుకుమంటుంది, మిషన్ లోపల కరకరమని చప్పుడు, ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అంతే. ఆటగాళ్లు కిటికీలకు వేలాడి చూస్తున్నారు. ముందు భాగాన వేగం పెంచే మీట ఉండేది ఆ మిషన్లకు, దాన్ని నొక్కి చూశాను, మళ్లీ నొక్కి చూశాను. కరెంటు తక్కువగా వస్తోందేమో అని స్టెబిలైజర్ మార్పించాను. లోపల జాగా లేదేమో అని విద్యార్థులు ఎక్కించిన ఆటలన్నీ చెరిపేశాను. మూత విప్పి దుమ్ము ఊదాను. రెండో రోజు పొద్దున నాలుగో రౌండుకు ముప్పావు గంట దాటింది. జనార్దన్ సార్ లోపలికి వచ్చి, "గిదేం కంప్యూటరమ్మా, ఎడ్లబండి నయముండె! మహబూబ్‌నగరోళ్లు బస్సు పోతదని మొత్తుకుంటుండ్రు," అని అందరి ముందూ అరిచాడు. మహబూబ్‌నగర్ కొలువు నా కళ్ల ముందే బస్సెక్కి పోతున్నట్టు అనిపించింది.

చాచా మెల్లగా వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. "బిడ్డా, నేను కార్డులు పరవాల్నా? పది నిమిషాల పని. ఆ కాగితం జూసి నువ్వు మిషన్ల కొట్టుకో." ఎంత నెమ్మదిగా అన్నాడో! నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "నీ లిస్టు తోనే చాచా గిదంత!" అన్నాను, గది మొత్తం వినేట్టు. "ఒక్కొక్క జతకు గా నలభై జతలను అడుక్కుంట పోతాంది మిషన్. ఎవరు ఎవరి తమ్ముడో దానికెందుకు?" కిటికీ దగ్గర ఎవరో నవ్వారు. చాచా చెవి మీది పెన్సిలు తీశాడు, ఒకసారి చూశాడు, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. "గట్లనా. నాకేమెరుక బిడ్డా. అయినా జర ఓపిక పడదాం, అది మాత్రం తియ్యకు," అని వరండాలోకి పోయాడు.

ఐదో రౌండుకు మిషన్ బొత్తిగా బిగుసుకుపోయింది. ఆపేశాను. మిషన్ మొరాయిస్తే లేపడానికి నా సంచిలో ఒక శుభ్రమైన ఫ్లాపీ ఉండేది, దానితో మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టాను. ఆ చేత్తోనే చాచా లిస్టు మొత్తం చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు. జతలు నాలుగు నిమిషాల్లో వచ్చాయి. హాలంతా చప్పట్లు. జనార్దన్ సార్ స్వయంగా నాకు సోడా తెచ్చి ఇచ్చాడు. చాచా తలుపు దగ్గర నుంచే, "శభాష్ బిడ్డా! లిస్టుండంగనే గింత జల్ది చేసినవా!" అన్నాడు. నేను తలూపాను. సోడా తాగుతూ తలూపాను. ఏం పోయేకాలం వచ్చిందో నాకు.

ఆఖరి రౌండు కాగితం ప్రింటరు నుంచి చించి దస్కతు కోసం ఆయన చేతికి ఇచ్చాను. మొదటి బోర్డు మీద లింగయ్య, సైదులు. చాచా కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "రూతూ, అన్నదమ్ములు కలిసిండ్రు గద బిడ్డా?" ఇప్పుడు లిస్టు మళ్లీ పెడితే మళ్లీ ముప్పావు గంట, మళ్లీ జనార్దన్ సార్, మళ్లీ కిటికీల్లో ముఖాలు. "వేరే దారి లేదు చాచా. మిషన్ అన్ని చూసే కలిపింది," అన్నాను. ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. జేబులో ఏవో కార్డులున్నాయి. "నాకంటె దానికి ఎక్కువ కనపడ్తదేమోలే," అని దస్కతు పెట్టాడు.

ఆ ఆట ఎక్కువసేపు సాగలేదు. సైదులు తన అన్న ముఖం చూడలేదు. పది పన్నెండు ఎత్తులయ్యాక ఓటమి ఒప్పుకుంటూ రాజును పడుకోబెట్టి లేచి పోయాడు. నిజంగా ఓడాడో, అన్నను పంపుదామని ఓడాడో నాకు ఇప్పటికీ తెలియదు. మరుక్షణమే గొడవ మొదలైంది. అర పాయింటు వెనకబడ్డవాళ్లు చాచా చుట్టూ మూగారు. "ముప్పయ్యేండ్ల సంది అన్నదమ్ములను కలపనోడు, గియ్యాల్నే ఎందుకు కలిపిండు? ఎంత గట్టిగ ముట్టింది సాబ్?" అని ఒకడు. ఆయన పాటించిన నియమమే ఆయన మీద సాక్ష్యమైంది. చాచా గొంతు పెంచలేదు. "మిషన్ అంత చూసి కలిపింది, వేరే దారి లేకుండె. దస్కతు నాది. అనేదేదో నన్ను అనుండ్రి, పిల్లలను అనకుండ్రి," అన్నాడు. నేను ఆయన వెనకే, ప్రింటరు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. లిస్టు నేను తీసేశాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. అంతలో జనార్దన్ సార్ నా వైపు తిరిగి, "నువ్వు భయపడకు రూతమ్మా, నీ తప్పేం లేదు," అన్నాడు. నోరు మూసుకున్నాను. కమిటీ ఆ బోర్డు ఆట రద్దు చేసి, అన్నదమ్ములిద్దరినీ పక్కనపెట్టి తర్వాతి ఇద్దరిని రాష్ట్ర పోటీలకు పంపింది. లింగయ్య సర్టిఫికెట్ కూడా తీసుకోకుండా తమ్ముడి భుజం మీద చెయ్యేసి బస్టాండుకు పోయాడు. చాచాతో ఎవరో మర్యాదగానే, "ఇగ మీరు రెస్టు తీస్కోండ్రి సాబ్," అన్నారు. ఆయన మళ్లీ ఏ పోటీలోనూ చాప పరవలేదు.

రెండు నెలలకు మహబూబ్‌నగర్‌లో పోటీ పెట్టారు, అదే మిషన్, అదే ప్రోగ్రాం. లిస్టు లేదు. అయినా మూడో రౌండుకు మళ్లీ అదే కరకర, అదే అరగంట. ఎట్లాగో కాగితాల మీద జతలు కలిపి గట్టెక్కి, నల్లగొండకు తిరిగొచ్చి వారం రోజులు మిషన్ ముందు కూర్చున్నాను. ఈసారి బుద్ధిగా, ఒకసారికి ఒక్కటే మార్చి చూశాను. ఐదో రోజు దొరికింది. పోటీకి కొన్నాళ్ల ముందు ఒక విద్యార్థి ఫ్లాపీతో మిషన్‌కు వైరస్ వస్తే, నేనే ఒక కాపలా ప్రోగ్రాం పెట్టాను. మిషన్ తనంతట తాను లేస్తే అదీ లేస్తుంది, ఏ ఫైలు తెరిచినా ముందు తడిమి చూసి గానీ వదలదు. మన పోటీ ప్రోగ్రామేమో ఒక్కొక్క జతకు ఫైళ్లు తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తుంది, రౌండ్లు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువసార్లు. గేటు దగ్గర కాపలావాడు ఇంట్లోవాళ్లనే వచ్చిన ప్రతిసారీ జేబులు వెతికినట్టు. ఆ రోజు నా సంచిలోని ఫ్లాపీతో మొదలుపెట్టినప్పుడు ఆ కాపలా లేవలేదు, అందుకే పని వేగంగా సాగింది. రెండు పనులు ఒకేసారి చేసి, ఫలితాన్ని నాకు కావలసినదాని ఖాతాలో వేసుకున్నాను. చాచా చేత్తో రాసిన లిస్టు ఇంకా నా సొరుగులోనే ఉంది. కాపలా తీసేసి, లిస్టు మొత్తం మళ్లీ టైపు చేసి, ఆ ఆఖరి రౌండును మళ్లీ కలిపించాను. నాలుగే నిమిషాలు. లింగయ్యకు మహబూబ్‌నగర్ ఆటగాడు, సైదులుకు చిట్యాల ఆటగాడు. వేరే దారి ఉండింది.

చెప్పాలనే పోయాను. ఒట్టు, ఆ సాయంత్రమే పోయాను. చాచా నన్ను చూడగానే, "కాలేజి కొలువు పక్కా అయిందట గద! బాపు చెప్పిండు," అని లోపలి నుంచి ఒక ఫైలు తెచ్చాడు. ఎర్ర గుడ్డ అట్ట, లోపల అరలు, తాడు. "సర్టిఫికెట్లు పెట్టుకోను నీకు చేసిన బిడ్డా." అది చేతిలో పట్టుకుని ఎట్లా చెప్పను? ఇంకోసారి పోతే గిరాకీ ఉంది. మూడోసారి అంటూ లేదు. మహబూబ్‌నగర్ పోయాను, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మళ్లీ నల్లగొండకే వచ్చి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాము. పండుగకో పెళ్లికో కనపడితే చాచా, "మిషన్లు ఎట్లున్నయి బిడ్డా?" అని అడిగేవాడు. బాగున్నాయి చాచా అనేదాన్ని. పాతికేళ్లపాటు పిల్లలకు పాఠం చెప్పాను, ఏది పాడైనా ఒకసారికి ఒక్కటే మార్చి చూడండిరా, రెండు మారిస్తే మిషన్ అబద్ధం చెప్తుంది అని. ఒక్కటే టీచర్ అని నాకు పేరు కూడా పెట్టారు. ఆ పాఠం ఎక్కడ నేర్చుకున్నానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా వీధి చివర చదరంగం నేర్పే చోట చూస్తాను, అరచేతిలో పట్టే ఫోనులో మూడు వందల మంది జతలు కన్ను మూసి తెరిచేలోగా వస్తాయి. నత్తనడక అనే మాటే లేదు. ఫ్యాను ఆపక్కర లేదు, చాప పరవక్కర లేదు. ఎవరింటోనివి బిడ్డా అని అడిగేవాళ్లు కూడా లేరు. నా వంటి వాళ్లమే కదా ఆ ప్రశ్నను అడ్డమని తీసి పారేసింది.

షాహీన్‌కు చాయ్ ఇచ్చి డబ్బా మూత తీశాను. కట్టలు కట్టలుగా కార్డులు, బైండింగు దారంతో కట్టి. అన్నీ గట్టిగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఒక్క కట్ట మాత్రం గుడ్డపేలికల్లా మెత్తబడి, అంచులు నల్లబడి ఉంది. విప్పగానే పైన రెండు, పై మూల ఏటవాలుగా కోసినవి. లింగయ్య కార్డులో ఆరో రౌండు గడిలో పెన్సిలుతో మహబూబ్‌నగర్ ఆటగాడి పేరు రాసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన సిరాతో సైదులు పేరు. ఆ రోజు జేబు మీద చెయ్యి వేసుకున్నది వీటి మీదే. వరండాలో కూర్చుని సరైన జత ముందే కలిపి పెట్టుకున్నాడు. నా మాట విని కొట్టేసుకున్నాడు.

"ఈ ఒక్క కట్టే ఎందుకు గింత అరిగింది?" అని అడిగాను.

"అయ్యో, గదా! మస్తేండ్లు గదే పని అక్కా ఆయనకు," అంది షాహీన్. "శుక్రవారం దుకాణం బంద్ ఉంటది గద, ఫ్యాను ఆపేసి గా కట్ట పరుసుకొని కూసునేటోడు. 'మిషన్‌కు కనపడ్డది నాకేడ కనపడలే' అని ఎతికేటోడు. ఎన్నిసార్లు కలిపినా తనది సక్కగనే వస్తాంది అనేటోడు. ఇగ కండ్లే పోయినయి, దిమాగే పోయింది అనుకున్నడు. దవాఖానకు గూడ పోయి కండ్లు సూపిచ్చుకొచ్చిండు. కండ్లు బాగనే ఉన్నయన్నరు. అయినా మళ్ల ఎవ్వరికీ జతలు కలపలే. నా చేత తప్పయితది అనేటోడు."

అవమానం వల్ల మానుకున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ. తన మీద తనకే నమ్మకం పోయి మానుకున్నాడు. లేని తప్పును ముప్పై ఏళ్లు వెతుక్కున్నాడు, రెండు వీధుల అవతల దాని జవాబు నా దగ్గర ఉండగా. షాహీన్‌కు మొత్తం చెప్పాను. లిస్టు, ఫ్లాపీ, తలూపడం, వేరే దారి లేదనడం, ఏదీ దాచలేదు. ఏడ్చాను కూడా, సిగ్గు లేకుండా. ఆమె ఓదార్చలేదు. చాయ్ కప్పు కింద పెట్టింది. "ఒక్క మాట అక్కా," అంది. "ఒక్క మాట చెప్తె అయిపోతుండె. పోయిన రంజాన్‌కు గూడ వస్తివి గద ఇంటికి. ఆయన పక్కపొంటనే కూసుంటివి." తర్వాత కార్డులన్నీ ఏరి డబ్బాలో పెట్టి మూత వేసింది. "గిది మా ఇంట్లనే ఉంటది తీ," అని లేచింది. గుమ్మం దాకా పోయి ఆగింది. మళ్లీ మూత తీసి, ఆ రెండు కార్డులు బయటికి తీసి నా చేతిలో పెట్టింది. "లింగన్న, సైదులన్న ఉన్నరింక మేళ్లచెరువుల. గివి వాళ్లకియ్యి. చెప్పి ఇయ్యి. అబ్బాకైతే చెప్పకపోతివి."

పదకొండు రోజులైంది. రెండుసార్లు బస్టాండుకు పోయాను. ఒకసారి మేళ్లచెరువు దారిలో పోయే హుజూర్‌నగర్ బస్సు ఎక్కి కూర్చుని, కండక్టరు టికెట్ అని వచ్చేలోగా దిగిపోయాను. ఈ వయసులో కూడా నోరు అప్పటిలాగే మూసుకుపోతోంది. అందుకే ఇదంతా రాశాను. నోరు రాకపోతే ఈ కాగితాలే వాళ్ల చేతిలో పెడతాను. రెండు కార్డులూ చాచా ఇచ్చిన ఎర్ర ఫైల్లోనే పెట్టాను. పక్కపక్కన పెడితే కోసిన మూలలు ఒకటే తీరుగా కనపడుతున్నాయి. పొద్దున ఆరింటికి బస్సు ఉంది.